తల్లి సహకారం లేదు

సహకారం అంటే కలిసి పనిచెయ్యడమని నిఘంటువు చెప్తుంది. ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో దానికి చెప్పింది చెయ్యడం అనే అర్థం స్థిరపడిపోయింది. "పేషెంటు సహకరించట్లేదు" అంటే మాట వినట్లేదని. మా పెద్దమ్మ మనవడి ఫైల్లో ఓ స్పెషల్ ఎడ్యుకేటర్ రాసిన వాక్యం కూడా ఆ అర్థంలోనిదే: "తల్లి సహకారం లేదు." వాడికి మూడున్నరేళ్ళు. మాటలు రాలేదు, పిలిస్తే చూడడు. ఆవిడ రాసింది అబద్ధం అనను. వదిన నిజంగానే మూడు వారాలు వాణ్ణి తీసుకెళ్ళలేదు. నన్ను ఆపింది వేరే సంగతి. "మేడమ్ సహకారం లేదు" అని తల్లి రాసుకునే గడి ఆ ఫైల్లో ఎక్కడా లేదు. "తండ్రి సహకారం లేదు" అని ఎవరూ రాయలేదు కూడా.

ఊరు చిలకలూరిపేట దగ్గర. కౌలు సేద్యం, మిరప. జనవరి వస్తే కాయకోతలు, కల్లాలు, తాలు ఏరడం, టిక్కీలు కట్టి గుంటూరు యార్డుకి తోలడం. సెంటర్‌కి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. నలభై నిమిషాల సెషన్‌కి పూట పోతుంది. ఇంటి దగ్గర చేయించమని ఇచ్చిన కాగితంలో ఆరు పనులున్నాయి: పూసలు గుచ్చడం, అద్దం ముందు కూర్చోబెట్టి శబ్దాలు పలికించడం, అలాంటివి, రోజుకి మూడుసార్లు. ఆ కాగితం రాసినవాళ్ళ ఊహలో తల్లికి ఖాళీ ఉంది, గదికి తలుపుంది, గోడకి అద్దముంది.

అలాగని ఎడ్యుకేటర్‌ని విలన్ని చెయ్యడం కథలకి బాగుంటుందేమో గానీ న్యాయం కాదు. మన మండలాల్లో భవిత కేంద్రాల్లో పనిచేసే రిసోర్స్ టీచర్లు కాంట్రాక్టు ఉద్యోగులు. సెంటర్లో పిల్లల్ని చూడాలి, మంచం దిగలేని పిల్లల ఇళ్ళకి వెళ్ళాలి, పైకి లెక్కలు పంపాలి. పైగా వాళ్ళకి తెలిసినవి కుటుంబాలకి తెలియనివి బోలెడు. "వాళ్ళ తాతకీ నాలుగేళ్ళదాకా మాటలు రాలేదు, వస్తాయిలే" అని ప్రేమతోనే ఇంట్లో ఏళ్ళు గడిపేస్తారు. ఆ వయసులో పోయిన ఏడాదిని తర్వాత రెట్టింపు శ్రమ పెట్టి కూడా పూర్తిగా తెచ్చుకోలేకపోవచ్చు. తల్లికి అన్నీ తెలుసు అనే మాట వినడానికి తీపిగా ఉంటుంది గానీ, దాన్ని నమ్ముకుని పిల్లవాణ్ణి పెంచలేం.

మరి ఎవరికి తెలుసు? మిరాండా ఫ్రికర్ అనే తత్వవేత్త 2007లో ఓ పుస్తకం రాసింది, జ్ఞానం విషయంలో జరిగే అన్యాయం గురించి. చెప్పే మనిషి ఎవరన్నదాన్ని బట్టి ఆ మాట విలువ తగ్గించడం ఆ మనిషికి చేసే అన్యాయమే అంటుంది. వదిన సెంటర్లో ఒక సంగతి చెప్పింది: ట్రాక్టర్ శబ్దం దూరంగా వినపడగానే వీడు ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగుతాడు. తనకి కావలసింది ఇంకో మనిషికి చూపించాలనే కోరిక అది, మాటకి ముందు మెట్టు. ఫైల్లో అదెక్కలేదు. ఎక్కింది "మేనరికం: అవును" అన్నది. వైద్యానికి అవసరమైన ప్రశ్నే, కాదనను. కానీ మొదటి ప్రశ్నగా అడిగితే అది తల్లి చెవిన నేరారోపణలా పడుతుంది. ఆ తర్వాత ఆమె నోరు తెరుస్తుందా?

ఇదే కొలత తండాలకి తీసుకెళ్తే ఇంకా దారుణం. పల్నాడు తండాల్లో ఇంటి భాష లంబాడీ, గుంటూరు పాతపేటల్లో ఉర్దూ. పరీక్ష తెలుగులో. మాట ఆలస్యమైతే "ఇంట్లో తెలుగే మాట్లాడండి" అని సలహా. రెండు భాషలు వినడం వల్ల పిల్లల మాట ఆగిపోతుందన్నది పరిశోధనల్లో నిలవలేదు, సలహా మాత్రం నిలిచింది. తల్లి తనకి సరిగా రాని భాషలో బిడ్డని లాలించాలి! ఇక ఆదోని, కోసిగి వైపు నుంచి మిరపకోతలకి వచ్చే కుటుంబాలు. పిల్లలూ వెంట వస్తారు. సొంతూరి రిజిస్టర్లో గైర్హాజరు, ఇక్కడి రిజిస్టర్లో అసలు పేరే ఉండదు.

చట్టం ఏమంటుంది అంటే, 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉచిత విద్య హక్కుని ఆరేళ్ళ నుంచి మొదలుపెడుతుంది. ఆ లోపు కాలం శాఖల మధ్య పడిపోయింది. అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమానిది. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే పరీక్షలు, జిల్లా సత్వర చికిత్సా కేంద్రం ఆరోగ్య శాఖవి. భవిత విద్యా శాఖది. నెల్లూరులోనూ సికింద్రాబాద్‌లోనూ 2021లో తెరిచిన కేంద్రాలు సామాజిక న్యాయ శాఖవి. మా ఫీల్డులో నాలుగు సిస్టమ్‌లని కలపడానికి ఒక టీమే ఉంటుంది, దానికి జీతాలుంటాయి. ఇక్కడ ఇంటిగ్రేషన్ చేసేది ఫైలు చంకలో పెట్టుకున్న తల్లి.

అమెరికాలో 1986 చట్ట సవరణ ఓ మంచి పని చేసింది. మూడేళ్ళలోపు పిల్లలకి రాసే ప్రణాళికని కుటుంబం పేర రాయమంది. కుటుంబం దేనికి బెంగపడుతోంది, ముందు ఏం కావాలనుకుంటోంది అన్నవి అందులో ఉండాలి. రాబిన్ మెక్‌విలియమ్ అనే ఆయన దానికో పద్ధతి తయారుచేశాడు: పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పమని అడగడం, లక్ష్యాలని అందులోంచి తీయడం. ఇంట్లో స్నానం, అన్నం, కల్లం ఎలాగూ ఉన్నాయి కదా, విడిగా పూసలెందుకు? ఇది నాకు నచ్చింది. అనుమానమూ ఉంది. భాగస్వామ్యం అన్న పేరుతో జీతం లేని పని ఇంకొంచెం తల్లి నెత్తికెత్తడం ఎక్కడైనా తేలికే. "మీరే మా భాగస్వామి" అన్నాక "నాకు వీలుకాదు" అనడం ఇంకా కష్టం. కాదనే హక్కు ఉన్నప్పుడే అది భాగస్వామ్యం అవుతుంది, ఆ హక్కు వాడుకున్నందుకు ఫైల్లో మచ్చ పడకుండా.

మార్చి చివర్లో కాయ తోలడం అయ్యాక వదిన మళ్ళీ వెళ్ళింది. ఈసారి అదే ఎడ్యుకేటర్ "అన్నిటికన్నా ముందు మీకేం కావాలమ్మా?" అని అడిగారట. మాటలు రావాలని చెప్తుందనుకున్నాను. వాడు రోడ్డు మీదకి పరిగెత్తకుండా ఉంటే చాలు అంది. కల్లం పక్కనే రోడ్డు, టిక్కీల లారీలు. ఒక కన్ను కాయ మీద, ఒక కన్ను వాడి మీద పెట్టి సీజనంతా గడిపిన మనిషి. ఆవిడ ఫైల్లో మొదటి లక్ష్యంగా "పిలిస్తే ఆగడం" అని రాశారు. జూన్‌కి ఆగడం నేర్చుకున్నాడు, పదిసార్లు పిలిస్తే ఏడుసార్లు. ఆ మూడు నెలలూ మాట మీద పని దాదాపు జరగలేదు. ఎడ్యుకేటర్‌కి ఆ సంగతి తెలుసు, ఫోన్లో నాతో చెప్పారు కూడా. అది నష్టమే. దాన్ని ఎవరి లెక్కలో వెయ్యాలో నాకింకా తేలలేదు.