గీత వెనక లెక్క

ఒక్క అబద్ధమూ ఆడకుండా మనిషికి అన్యాయం చేయవచ్చునా? నిక్షేపంగా చేయవచ్చు. మొన్న మోమిన్‌పేటలో మా తమ్ముడింట కళ్ళారా చూశాను.

తమ్ముడికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఆరెకరాలు, చిన్నవాడు రెండెకరాలు సాగు చేస్తారు. ఇద్దరిదీ కందే. ఐదేళ్ళ దిగుబడి లెక్క తమ్ముడు మనవరాలి చేత ఎక్సెల్‌లో ఎక్కించుకున్నాడు. నిరుడు పెద్దవాడికి 30 క్వింటాళ్ళు, చిన్నవాడికి 12. పటం గీయిస్తే పెద్దవాడిది తాటిచెట్టంత, చిన్నవాడిది తంగేడు మొక్కంత. "చిన్నోనికి సేద్యం రాదు. ఆ రెండెకరాలు గూడ పెద్దోడే దున్నుకోనీ" అని తీర్పు చెప్పేశాడు తమ్ముడు.

ఆ మనవరాలు చిన్నవాడి కూతురే, డిగ్రీ చదువుతోంది. "ఎకరానికెంతో చూడవా తాతా?" అంది.

"చూడు. గాని నా లెక్కల ఒక్క గడి గూడ పెంచొద్దు" అన్నాడు. పహాణీలో గడి మారితే భూమి చేతులు మారిన రోజులు చూసినవాడు మరి!

పిల్ల మొదట ఒక కాలమ్ వేసి దాచేసింది. దాచగానే గీతా మాయమైంది! మనం ప్రత్యేకంగా చెబితే తప్ప, దాచిన గళ్ళను ఎక్సెల్ పటంలో చూపదు. ఆ కాలమ్ తీసేసి, దిగుబడిని ఎకరాలతో భాగించే సూత్రానికి నేమ్ మేనేజర్‌లో ఒక పేరు పెట్టింది. పటంలో గళ్ళ చిరునామా ఉండే చోట, ఫైలు పేరు వెంట ఆ పేరు రాసింది. అంతే. లెక్క చెక్కుచెదరలేదు, గీతలు తారుమారయ్యాయి. నిరుడు ఎకరానికి పెద్దవాడికి 5, చిన్నవాడికి 6.

"మీ నాయిన గెలిచే లెక్కే పట్టినవ్ బిడ్డా" అన్నాడు పెద్దవాడు నవ్వుతూనే.

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఇల్లు నడిపేది 30 క్వింటాళ్ళే. పనితనం తెలిపేది ఎకరం లెక్క. రెండూ నిజాలే. ఏ నిజాన్ని అడగాలో మాత్రం లెక్క చెప్పదు, మనసు చెప్పాలి.

1786లో విలియం ప్లేఫేర్ తన పుస్తకంలో ఇంగ్లండు వర్తకాన్ని గీతల్లో చూపాడు. అప్పటినుంచీ కన్ను అంకెకన్నా గీతనే ముందు నమ్ముతోంది. అందుకే గీసేవాడికి బాధ్యత ఎక్కువ. మూలాన్ని ముట్టుకోకపోవడం సగం ధర్మమే. ఎలా మార్చి చూపామో చెప్పడం మిగతా సగం. కాలమ్ ఉంటే ఎవరైనా చూసి నిలదీస్తారు. పేరు చాటున ఉన్న సూత్రం ఎవరి కంట పడుతుంది?

పిల్ల కాసేపు ఊరుకుంది. తర్వాత పటం కింద "దిగుబడి ÷ ఎకరాలు" అని రాసి, పాత పటాన్ని కూడా పక్కనే పెట్టింది.

తమ్ముడు రెండూ చూశాడు. రెండెకరాల మాట మళ్ళీ ఎత్తలేదు.