వయసు చెబితే సరిపోదు

బొమ్మల దుకాణంలో అడుగుపెట్టగానే ఎదురయ్యే ప్రశ్నలు రెండే. "బాబుకా, పాపకా?" "వయసెంతండీ?" జవాబు వినగానే అమ్మే మనిషి చెయ్యి తనంతట తానే ఒక అర వైపు వెళ్లిపోతుంది. నాలుగేళ్ల పాపకైతే గులాబీ రంగు వంటింటి సామాను, ఆరేళ్ల బాబుకైతే రిమోట్ కారు. డిసెంబరు నెలలో జీతం పడ్డాక, తీరిక దొరికిన ఓ సాయంత్రం అన్న పిల్లలకో అక్క పిల్లలకో క్రిస్మస్ కానుక కొందామని వచ్చినవాళ్ల దగ్గర ఆ రెండు జవాబులూ సిద్ధంగానే ఉంటాయి. ఆ పిల్ల ఈమధ్య దేనితో పొద్దుపుచ్చుతోందని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చాలామంది మేనమామలూ మేనత్తలూ అక్కడే ఆగిపోతారు.

అలా ఆగడం మంచిదే. ఎంపిక నిజంగా మొదలయ్యేది అక్కడినుంచే.

కన్నవాళ్లకు ఈ ఇబ్బంది ఇంతగా ఉండదు. బిడ్డ రోజూ కళ్లముందే తిరుగుతుంటుంది. మేనత్తకూ బాబాయికీ పెద్దమ్మకూ ఆ బిడ్డ ముక్కలుముక్కలుగా దొరుకుతుంది. వేసవి సెలవుల్లో ఒక వారం, ఎవరిదో పెళ్లిలో ఒక పూట, ఆదివారం వీడియో కాల్‌లో ఫోను లాక్కుని పరిగెత్తేముందు అర నిమిషం. ఈ ముక్కల మధ్య ఖాళీల్లో పిల్లలు పెరిగిపోతారు. నిరుడు రైలు బొమ్మ లేనిదే అన్నం తినని పిల్లాడికి ఈ ఏడు రైళ్లంటే చిన్నపిల్లల వ్యవహారం. దాంతో కానుక ఏదో ఒక వైపు ఒరిగిపోతుంది. నిరుడు చూసిన పిల్లాడి కోసం కొంటారు, లేదంటే రేపు అవుతాడని తాము ఆశపడే పిల్లాడి కోసం డాక్టరు సెట్టో గ్లోబో కొంటారు. ఈ ఏటి పిల్లాడు మధ్యలో తప్పిపోతాడు.

ఈ గురి తప్పడాన్ని ఒక ఆర్థికవేత్త డబ్బు లెక్కలో కొలిచాడు. యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అక్కడి విద్యార్థులను రెండు మాటలు అడిగాడు. క్రిస్మస్‌కు మీకు వచ్చిన కానుకలకు ఇచ్చినవాళ్లు ఎంత పెట్టి ఉంటారు? అవే వస్తువులకు మీరైతే ఎంత పెడతారు? 1993లో 'అమెరికన్ ఎకనామిక్ రివ్యూ'లో అచ్చయిన ఆ పరిశీలన ప్రకారం పెట్టిన సొమ్ములో పదో వంతు నుంచి మూడో వంతు దాకా విలువ దారిలోనే ఆవిరైపోతోంది. స్నేహితులు, ప్రేమించినవాళ్లు ఇచ్చినవాటిలో నష్టం తక్కువ. తాతలు, అమ్మమ్మలు, అత్తలు, మామలు ఇచ్చినవాటిలో ఎక్కువ.

ఈ లెక్కను కొట్టిపారేయడం న్యాయం కాదు. బీరువా పైఅరలో పెట్టె కూడా విప్పకుండా పడి ఉన్న బొమ్మలు ఏ ఇంట్లో లేవు? అయితే వాల్డ్‌ఫోగెల్ తన ప్రశ్నకు ఒక షరతు పెట్టాడు. ఇచ్చినవాళ్ల మీది ఆప్యాయత వల్ల వచ్చే విలువను పక్కన పెట్టి జవాబు చెప్పమన్నాడు. కొలత కుదరాలంటే ఆ షరతు తప్పదు. ఇరవయ్యేళ్ల విద్యార్థి దాన్ని పక్కన పెట్టగలడు. ఐదేళ్ల పిల్లకు వస్తువు ధరా తెలియదు, దాన్ని ఆప్యాయత నుంచి వేరు చేయడమూ రాదు.

అదే యేల్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పాల్ బ్లూమ్, ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ హుడ్‌తో కలిసి 2008లో ఒక ప్రయోగాన్ని ప్రచురించాడు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఒక యంత్రం చూపించారు. ఏ వస్తువు పెట్టినా అచ్చం అలాంటిదే ఇంకొకటి తయారుచేస్తుందని నమ్మించారు. మామూలు బొమ్మలైతే పిల్లలు సరదాగా పెట్టనిచ్చారు. రాత్రి పక్కన లేకపోతే నిద్రపట్టని తమ పాత బొమ్మ దగ్గరకు వచ్చేసరికి కొందరు దాన్ని యంత్రంలో పెట్టనివ్వనే లేదు. పెట్టనిచ్చినవాళ్లలో ఎక్కువమంది కొత్తది వద్దని, తమదే తమకు ఇమ్మన్నారు. ప్రాణంగా చూసుకునే బొమ్మ విషయంలో, సరిగ్గా అలాంటిదే ఇంకొకటి అన్న మాటకు ఆ వయసులో అర్థమే లేదు.

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పిల్లల కానుక అంటే ముందు గుర్తొచ్చేది కొత్త బట్టలు. ఇంటిముందు నక్షత్రం వెలుగుతూ ఉంటుంది, వంటింట్లో గులాబీ పువ్వులూ కజ్జికాయలూ డబ్బాలకెక్కుతూ ఉంటాయి, పిల్లలు తెల్లారి చర్చికి వేసుకోబోయే జతను మాటిమాటికీ తీసి చూసుకుంటారు. అది కొన్న మేనమామ ఏ హైదరాబాదులోనో ఉంటాడు. సైజెంతని ఫోను చేస్తే అక్క చెప్పే మాట ఒకటే. "ఒక సైజు పెద్దదే తీసుకో తమ్ముడూ, పెరిగే పిల్లాడు." చొక్కా భుజాలు దాటి జారుతుంది, ప్యాంటు అంచులు లోపలికి మడిచి కుట్టాలి. రూపాయి విలువ తెలిసిన ఇల్లాలి తెలివి అది, తప్పుపట్టడానికి లేదు. అయినా ఆ ఉదయం అందరి మధ్యా నిలబడి పాట పాడేవాడు ఈ ఏటి పిల్లాడు. ఒక్క జతైనా వాడి ఈనాటి ఒంటికి సరిపోవాలి, వాడు కోరిన రంగులో ఉండాలి. పై ఏడు పొట్టిదైపోతే పోనీ.

క్రిస్మస్ కానుక గురించి లోతుగా ఆలోచించిన కథ ఒకటుంది. జర్మన్ రచయిత ఇ.టి.ఎ. హాఫ్‌మన్ 1816లో అచ్చువేయించిన 'నట్‌క్రాకర్, ఎలుకల రాజు'. ఈ కథను బాలెగా చూసినవాళ్లే ఎక్కువ, చదివినవాళ్లు తక్కువ. బాలెలో నాట్యాల జోరులో కొట్టుకుపోయిన విషయం కథలో మొదటి పేజీల్లోనే ఉంది. మరీ, ఫ్రిట్జ్ అనే పిల్లలకు డ్రోసెల్‌మయర్ అనే జ్ఞానపిత (బాప్తిస్మం నాటి పెద్దదిక్కు) ఉంటాడు. న్యాయాధికారి, గడియారాల పని తెలిసినవాడు. (హాఫ్‌మన్ కూడా బెర్లిన్‌లో న్యాయమూర్తే.) ఏటా క్రిస్మస్‌కు ఆయన తన చేత్తో ఏదో ఒక అద్భుతం చేసి తెస్తాడు. అది ఎంత విలువైనదంటే, చూపించిన వెంటనే పిల్లలకు అందకుండా పెద్దవాళ్లు బీరువాలో దాచేస్తారు. ఆ ఏడాది తెచ్చింది ఒక కోట. కిటికీల్లో దీపాలు, లోపల తిరిగే స్త్రీపురుషులు, నాట్యం చేసే పిల్లలు. ఫ్రిట్జ్ కాసేపు చూసి, లోపలికి వెళ్లనివ్వమంటాడు. కుదరదంటాడు ఆయన. పోనీ ఆ మనిషిని ఇంకో గుమ్మంలోంచి రమ్మంటాడు. అదీ కుదరదు, యంత్రం ఎలా తిప్పితే అలాగే తిరగాలి. అయితే నాకు నా సైనికుల బొమ్మలే నయమంటాడు ఫ్రిట్జ్. ఆయనకు కోపం వస్తుంది.

ఆ కోపం కోట కంటే ఎక్కువ చెబుతుంది. డ్రోసెల్‌మయర్‌కు నైపుణ్యం ఉంది, శ్రమకు వెనుకాడలేదు, పిల్లల మీద ప్రేమకూ కొదవలేదు. ఆయన తయారుచేసిన వస్తువులో పిల్లాడు చేయడానికి మాత్రం పనేమీ మిగల్లేదు. పెద్దవాడి ప్రతిభను మెచ్చుకోవడం ఒక్కటే పిల్లాడి వంతు. ఈనాటి దుకాణాల్లో మీట నొక్కగానే పాడి, గెంతి, రంగుదీపాలు వెలిగించే బొమ్మల్లో చాలావాటిది ఇదే లోపం. బొమ్మే ఆడుకుంటుంది, బిడ్డ చూస్తుంది. అదే రాత్రి మరీ మనసు దోచుకున్నది పెద్ద తల, సన్నటి కాళ్లు ఉన్న, కాయలు పగలగొట్టే చెక్కబొమ్మ. పెద్ద కాయ పెట్టి ఫ్రిట్జ్ దాని పళ్లు విరగ్గొడతాడు. మరీ తన రిబ్బన్‌తో కట్టు కడుతుంది. కట్టు కట్టాల్సి వచ్చిందంటే అక్కడ ఆ పిల్లకు ఒక పని దొరికిందన్నమాట. మిగతా కథంతా ఆ కట్టులోంచే పుడుతుంది.

అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన చిన్న పరిశీలన కూడా ఇదే దిక్కుకు తీసుకెళుతుంది. 36 మంది పసిపిల్లలను ఒకసారి నాలుగు బొమ్మలతో, ఇంకోసారి పదహారు బొమ్మలతో ఆడుకోనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు ఆడారు, ఒకేదాన్ని రకరకాలుగా వాడారు. పిల్లలు తక్కువమందే, కాబట్టి దీన్ని శాసనంగా తీసుకోనక్కర్లేదు. కానీ పసిపిల్లలున్న ఇంటికి వెళ్లిన ఎవరికైనా ఈ మాట కొత్తగా అనిపించదు. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో మేటి ఆటవస్తువులకు ఒక గౌరవ మందిరం ఉంది. అందులో 2005లో అట్టపెట్టెకు, 2008లో కర్రకు చోటిచ్చారు. పార్సిలు విప్పాక బొమ్మను వదిలేసి పెట్టెలో దూరిన మేనల్లుడిని చూసి నొచ్చుకునే అత్తలు ఈ సంగతి తెలుసుకోవాలి.

వస్తువే లేని కానుక కూడా ఒకటుంది. 'ట్రెజర్ ఐలాండ్' రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ చివరి ఏళ్లలో సమోవా దీవిలో ఉన్నాడు. అక్కడ పనిచేసే అమెరికన్ అధికారి హెన్రీ ఐడ్ కూతురు ఆనీ సరిగ్గా డిసెంబరు 25న పుట్టింది. పుట్టినరోజు క్రిస్మస్‌లో కలిసిపోయి, తనదంటూ ఒక పండుగ లేకుండా పోయిందని ఆ పిల్ల బాధ. స్టీవెన్సన్ 1891లో ఒక దస్తావేజు రాశాడు. న్యాయశాస్త్రం చదివినవాడు కాబట్టి భాష పక్కా. తన వయసుకు ఇక పుట్టినరోజుతో పనిలేదని, నవంబరు 13 అనే తన పుట్టినరోజును సర్వహక్కులతో ఆనీకి బదలాయిస్తున్నానని అందులో రాశాడు. ఆమె దాన్ని సరిగా జరుపుకోకపోతే ఆ హక్కు అమెరికా అధ్యక్షుడికి పోతుందని కూడా చేర్చాడు.

ఆనీ ఆయనకు మేనకోడలు కాదు. అయినా మేనమామలందరూ చూడాల్సిన కానుక ఇది. ఆ వయసు పిల్లలు ఏం కోరతారని కాకుండా, ఈ పిల్లకు ఏం లేదని చూశాడు. డిసెంబరులో పుట్టిన పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. "రెంటికీ కలిపి ఒకటే" అంటూ చేతికొచ్చిన పొట్లాలు వాళ్లకు బాగా గుర్తుంటాయి. ఆ పిల్లలకు వేరువేరుగా రెండు చిన్న కానుకలు ఇస్తే, ఒక పెద్ద కానుక కంటే ఎంతో నయం.

పిల్లల మనసెరిగి కానుక ఇచ్చిన మేనమామ ఇంకొకడు, రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీ. సొంత బిడ్డలు లేనివాడు, చెల్లెలి పిల్లలంటే ప్రాణం. 1878లో 24 చిన్న పియానో రచనలతో 'పిల్లల ఆల్బమ్' కూర్చి ఆరేళ్ల మేనల్లుడు వోలోద్యాకు అంకితమిచ్చాడు. బొమ్మకు జబ్బు చేయడం, చనిపోవడం, కొత్త బొమ్మ రావడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. పిల్లల వేళ్లకు అందేలా రాశాడు. పిల్లలకు బొమ్మ పోవడం అసలైన దుఃఖమేనని తెలిసి రాశాడు. 1893లో తన ఆఖరి సింఫనీని కూడా అదే మేనల్లుడికి అంకితం చేశాడు. అప్పటికి ఆ అబ్బాయికి ఇరవయ్యొకటి. 'నట్‌క్రాకర్' కథకు బాలె సంగీతం కట్టిందీ ఈ మేనమామే.

అంతటి ప్రతిభ అందరికీ ఉండదు, అవసరమూ లేదు. కొన్న వస్తువులోనూ బిడ్డకు పని మిగలొచ్చు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కలో చెట్టూచేమల రంగులు కలిపి బొంగరాలు, లక్కపిడతలు చేస్తారు. ఆ సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. బొంగరం తనంతట తాను తిరగదు, లక్కపిడతల్లో తనంతట తాను అన్నం ఉడకదు. ఆ లోటే వాటి గొప్ప.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన చేతివృత్తులవారికి మినహాయింపు ఉంది. మూడేళ్లలోపు పిల్లలకు నోట్లో పట్టే చిన్న భాగాలున్నది ఏదీ కొనకూడదు. గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, కాబట్టి దాని మూత స్క్రూతో బిగించి ఉందో లేదో దుకాణంలోనే చూడాలి. అమెరికా నుంచి పంపేవాళ్లు అక్కడి 120 వోల్టుల చార్జరు ఇక్కడి 230 వోల్టులకు తట్టుకుంటుందా అని పెట్టె మీద చదవాలి. పండుగ పూట మేనత్త బొమ్మ మాడిపోతే పిల్ల ఏడుపు వీడియో కాల్‌లో కూడా ఆగదు.

అందరికీ సమానంగా ఇవ్వాలన్న చిక్కు ఇంకొకటి. ముగ్గురు పిల్లలకూ ఒకే రకం కారు కొంటే తగవు రాదని పెద్దల నమ్మకం. ఒకే ధరలో మూడు వేరువేరు వస్తువులు వెతకడానికి పట్టే శ్రమే ఎక్కువ, కానీ ఆ శ్రమలోనే ముగ్గురూ వేరువేరుగా కనిపిస్తారు. తెలియనప్పుడు వాళ్లమ్మను అడగడంలో చిన్నతనం లేదు. పిల్లనే అడిగితే మరీ మంచిది. "ఏం కావాలి?" అంటే ప్రకటనలో చూసిన పేరు చెబుతుంది. "నిన్న ఏం ఆట ఆడావు?" అంటే అసలు సంగతి బయటపడుతుంది.

పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక ఒక రోజు ఆ పిల్లే అంటుంది. "డబ్బులివ్వు అత్తా, నేను కొనుక్కుంటాను." చాలామంది అత్తల మనసు ఆ మాటకు చివుక్కుమంటుంది. అక్కర్లేదు. వాల్డ్‌ఫోగెల్ లెక్క ఈ వయసుకు బాగానే పనికొస్తుంది. తనకేం కావాలో ఇప్పుడు ఆమెకే బాగా తెలుసు. డబ్బు కవరులో పెట్టి ఇవ్వొచ్చు, వీలైతే ఆమెతోపాటు దుకాణానికీ వెళ్లొచ్చు. ఏది చేతిలోకి తీసుకుని, ధర చూసి, మళ్లీ అరలో పెట్టేసిందో దగ్గరుండి చూసే అవకాశం అత్తకు అప్పుడే దొరుకుతుంది.