తల్లి మాట, కొడుకు కర్మ

అనంతపురంలో, విశాఖపట్నంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ నవలకు మొదట అనుకున్న పేరు ‘ఏకాంతం’.

నాయకుడు దయానిధికి తల్లి పోయిన దుఃఖం ఒకటైతే, ఆమె శీలం గురించి నలుగురూ ఆడిపోసుకునే మాటలు మరొకటి. మనసారా ఏడుద్దామన్నా ఆ గుసగుసలే అడ్డం. డాక్టరైనా, పెళ్లి చేసుకున్నా ఆ నీడ వదలదు.

ఎవరి కర్మ వారిదే అనే లోకం, తల్లి పద్దును కొడుకు ఖాతాలో ఎందుకు రాస్తుంది?

ఛాందోగ్యోపనిషత్తులో జబాల, నీ గోత్రమేదో నాకు తెలియదని కొడుకు సత్యకాముడికి దాచకుండా చెప్పింది. అతడూ ఆ మాటే గురువుకు విన్నవించాడు. ఆ సత్యం చూసే గౌతముడు అతణ్ని శిష్యుడిగా చేర్చుకున్నాడు. దయానిధికి అలా విప్పి చెప్పిన తల్లీ లేదు, విని ఆదరించిన గురువూ లేడు. తనతో తాను సమాధానపడటానికే అతడికి నవలంతా పట్టింది.