నిక్షేపధర్మము - వృక్షరక్షణము

ఒకని సొత్తును మరియొకడు తన యింట దాచి యుంచినచో దానిని మన పెద్దలు నిక్షేపమనిరి. దాచినవాడు దానికి యజమానుడు కాడు. దానిని వాడుకొనరాదు, మార్చరాదు, పోగొట్టరాదు. అడిగిననాడు తిరిగి యీయవలెను. సొత్తు గలవాడు దూరదేశమేగినను, మరణించినను బాధ్యత తీరదు, వారసులకు చేర్చవలసియుండును. ధనధాన్యముల విషయమున ఈ ధర్మమును గూర్చి ఎవరికిని సంశయము లేదు. కాని కొండమీద నశించుచున్న యొక చెట్టు విత్తనమును దెచ్చి తోటలో మొలకెత్తించినపుడు ఆ మొక్కకు కూడ ఇది వర్తించునా? వర్తించినచో దాని యజమానుడెవరు? ఎవరికి తిరిగి యీయవలెను?

ఈ ప్రశ్న కృష్ణాతీరవాసులకు దూరమైనది కాదు. విజయవాడకు వాయవ్యమున ఇంచుమించు 20 కిలోమీటర్ల దూరమున కొండపల్లి కలదు. అచ్చటి బొమ్మలు ఎరుగని తెలుగు ఇల్లు లేదు. దశావతారములు, అంబారీ యేనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు నెక్కు గీత కార్మికుడు - ఇవన్నియు సంక్రాంతి బొమ్మలకొలువులలో తరతరములుగా నిలిచినవి. వీనికి వాడు కఱ్ఱ తెల్లపొణికి. అది మెత్తగను తేలికగను ఉండి ఉలికి లొంగును, ఆరబెట్టినచో చీలదు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అవయవములను అతికి రంగులు వేయుదురు. ఆ చెట్టు సమీపపు కొండలలో పెరుగునది. దాని కాయకు రెండు పొడవైన రెక్కలుండును. కొమ్మ నుండి విడివడిన కాయ సుడులు తిరుగుచు గాలిలో కొంతదూరమేగి నేల వ్రాలును. అట్లు తన సంతతిని తానే కొండమీద వెదజల్లుకొనగల చెట్టది. నేడు ఆ చెట్టు ఆ కొండలలో అరుదైనది. బొమ్మ చేయువాడు కఱ్ఱ కొరకు దూరము పోవలసి వచ్చుచున్నది.

తెల్లపొణికి ప్రపంచమునుండి అంతరించునది కాదని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అది నిజమే. అనేక ఉష్ణదేశములలో అది కలదు. అయినను కొండపల్లిలో తరగిపోవుచున్నదానికి వేరొక దేశమున నున్న చెట్టు సమాధానము కాజాలదు. ఒక యింట దీపమారినపుడు ప్రక్క ఊరిలో దీపములు వెలుగుచున్నవని చెప్పినచో ఆ యింటివారికి వెలుగు రాదు గదా. చెట్టుతో పాటు దానిని నమ్ముకొన్న కాయకము, ఆ కాయకముతో పెరిగిన కన్నును చేతియు పోవును. కావున నిక్షేపమునకు యజమానులెవరన్న ప్రశ్నకు ఇచ్చట ఒక సమాధానము కానవచ్చుచున్నది: కొండయు, కొండ నాశ్రయించిన జీవులును, వారి చేతిపనియు.

తోటలో మొక్కను కాపాడుట యన్న ఆలోచన మొదట ఇంత పవిత్రముగ పుట్టినది కాదు. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువున 1780ల దశాబ్దమున గోదావరి ప్రాంతపు సామర్లకోటలో నుండి తోట వేసెను. మిరియములు మొదలగు లాభసాటి పంటలను పరీక్షించుట అతని పని. 1787లో రాబర్ట్ కిడ్ కలకత్తా సమీపమున హుగ్లీ తీరమందు స్థాపించిన ఉద్యానము కూడ కంపెనీ వ్యాపారమునకు ఉపకరించు మొక్కల కొరకే. 1793లో రాక్స్‌బర్గ్ ఆ తోటకు అధికారిగా వెళ్ళెను. అయినను ఆయన చేసిన యొక మేలు మరువరానిది. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి 1795 మొదలు సంపుటములుగ వెలువడిన ఆయన గ్రంథమున 300 చిత్రపటములు కలవు. వానిని గీసినవారు ఈ దేశపు చిత్రకారులు. తెలుగువారు పిలుచు పేర్లను ఆయన శ్రద్ధగా సేకరించెను. తూర్పు కనుమల దక్షిణభాగమునకే పరిమితమైన యొక గుగ్గిలపు జాతి వృక్షమునకు షోరియా తంబుగ్గైయా అని నామకరణము చేసినపుడు తెలుగుమాటయే లాటిను పేరులో నిలిచినది. నేడు ఆ వృక్షము అంతరించు ప్రమాదము గల జాతులలో నొకటి. పేరు పుస్తకమున భద్రముగ నున్నది, చెట్టే తరిగిపోవుచున్నది.

వ్యాపారమునకై పుట్టిన తోటలు కాలక్రమమున ఆశ్రయములైనవి. అమెరికాలోని జార్జియా ప్రాంతమున ఆల్టమహా నది యొడ్డున 1765లో బార్‌ట్రామ్ కుటుంబమువారు తెల్లని పూలు పూయు చిన్న వృక్షము నొకదానిని కనుగొనిరి. దానికి ఫ్రాంక్లీనియా యని పేరు. 1803 తరువాత దానిని అడవిలో చూచినవారు లేరు. నేడు లోకమున నున్న ఫ్రాంక్లీనియాలన్నియు ఆ కుటుంబము ఫిలడెల్ఫియాలోని తమ తోటకు తెచ్చిన విత్తనముల సంతతియే. తోట లేకున్నచో ఆ జాతి లేదు. పసిఫిక్ సముద్రమున ఈస్టర్ ద్వీపపు టొరొమీరో వృక్షము కథ ఇట్టిదే, కాని మరింత వేదన గలది. ద్వీపమున మిగిలిన చివరి చెట్టునుండి 1955-56లో థోర్ హేయెర్‌డాల్ యాత్రాబృందము విత్తనములు తెచ్చెను. స్వీడనులోని గోటెబోర్గ్ ఉద్యానమున అవి మొలచినవి. జాతి దక్కినది. కాని తిరిగి ద్వీపమున నాటిన మొక్కలలో చాలభాగము నిలువలేదు. అడవి పోయిన నేల మారిపోయినది. దాచినవాడు సొత్తును కాపాడి తెచ్చునప్పటికి సొత్తుదారుని యిల్లే కూలిపోయినట్లయినది.

దక్షిణాఫ్రికాలో 1895లో జాన్ మెడ్లీ వుడ్ అను శాస్త్రజ్ఞుడు సైకస్ వంశమునకు దగ్గరి చుట్టమైన యొక వృక్షమును చూచెను. దానికి ఆయన పేరే వచ్చినది. ఈ వర్గపు వృక్షములలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. ఆయనకు దొరికినది ఒకే మగచెట్టు. దాని పిలకలు డర్బను తోటకును, 1899లో లండను క్యూ ఉద్యానమునకును చేరినవి. నేడు అనేక దేశముల తోటలలో అది ఆరోగ్యముగ పెరుగుచున్నది. కాని ఆడచెట్టు ఎచ్చటను కానరాలేదు. ఎన్ని పిలకలు తీసినను అది ఒకే వృక్షము. దానికి విత్తనము లేదు. ఇది జీవించియున్న జాతియా, మరణించిన జాతియా? తోటమాలి దానికి నీరు పోయును, సందర్శకుడు దాని యెదుట నిలిచి ఫలకమును చదువును. అంతకు మించి దానికి భవిష్యత్తు లేదు.

ఆంధ్రదేశమున తిరుమల కొండలలోని పేరీత ఈ వర్గమునకు చెందినదే. శాస్త్రజ్ఞులు దానిని సైకస్ బెడ్డోమి యందురు. ప్రపంచమున సహజముగ అది పెరుగు స్థానము ఆ కొండలు, వానిని ఆనుకొనిన ప్రాంతము మాత్రమే. దాని మగచెట్ల శంకువులను మందు కొరకు నరికి అమ్ముట చాలకాలముగ సాగినది. అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించు ఒడంబడికయందు మొదటి అనుబంధమున దీనిని చేర్చిరి. ఒక తోటలో రెండు పేరీతలు నాటి రక్షించితిమని చెప్పుకొనుట సులభము. ఆ రెండును మగవే యైనచో? ప్రక్కన వేరొక సైకస్ జాతి యుండి, దాని పుప్పొడి సోకి సంకరమైనచో? పేరీత వేళ్ళలో కొన్ని పగడపు కొమ్మలవలె పైకి లేచి, నీలి ఆకుపచ్చ నాచునకు ఆశ్రయమిచ్చి, ఆ నాచు వలన నత్రజనిని పొందును. కొండమీద ఇట్టి చుట్టరికములు ఎన్ని కలవో! మొక్కను పెకలించి తెచ్చుట తేలిక. చుట్టరికములను మూటగట్టి తెచ్చుట కష్టము.

అసలు తోటకే రాజాలని మొక్కలును కలవు. కృష్ణ సముద్రమున కలియుచోట నాగాయలంక, ఎదురుమొండి ప్రాంతములందు మడ అడవులున్నవి. తెల్లమడ, నల్లమడ, తిల్ల మొదలగునవి ఉప్పునీటి పోటుపాటులకు అలవడి జీవించును. ఉప్పుపొన్న విత్తనము తల్లిచెట్టు నంటియుండగనే మొలకెత్తి, పొడవైన మొలకయై బురదలో పడును. అట్టి విత్తనమును ఎండబెట్టి చల్లని గదిలో దాచుటకు వీలు లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది ప్రాణములు కోల్పోయిరి. మడచెట్లు అలల వేగమును తగ్గించునన్న సత్యమును ఆ సీమవారికి వేరుగ బోధింపనక్కర లేదు. తరువాతి కాలమున కృష్ణా గోదావరీ ముఖద్వారములందు, పాడైన మడనేలలకు చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి పోటునీటిని రప్పించి మొక్కలు నాటిరి. నీటి దారి సరియైన పిమ్మట మడ తిరిగి లేచినది. ఇచ్చట తోటయు ఆ బురదయే, తోటమాలియు ఆ పోటునీరే.

కనుక తోటలు వ్యర్థమని తలచుట తొందరపాటగును. 2017లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారము ప్రపంచపు వృక్షశాస్త్రోద్యానములలో తెలిసిన మొక్కజాతులలో 30 శాతమును, ప్రమాదమున నున్న జాతులలో 41 శాతమును పెరుగుచున్నవి. ఇది చిన్న విషయము కాదు. కాని ఆ లెక్కలోనే యొక లోపము బయటపడినది. సమశీతోష్ణ దేశముల జాతులలో 60 శాతము తోటలలో నుండగా, ఉష్ణదేశముల జాతులలో 25 శాతము మాత్రమే యున్నవి. ప్రమాదమెక్కువగ నున్నచోట ఆశ్రయము తక్కువ. తోటలు చల్లని దేశములలో పెక్కుగ నుండుట దీనికి కారణము.

మనుష్యుని చూపునకును పక్షపాతము కలదు. ఎఱ్ఱచందనమునకు ధర యున్నది గనుక దానికి దొంగయు కలడు, కాపరియు కలడు. నల్లమల అడవులలో నేలవేము వంశమునకు చెందిన యొక చిన్న మొక్క కలదు. నల్లమల విశేషవృక్షజాలమును గూర్చి గ్రంథము వ్రాసిన ఎల్లిస్ దానికి ఆ కొండల పేరే పెట్టెను. దానికి ధర లేదు. దానిని దొంగిలించువాడు లేడు, కాపాడవలెనన్న తలంపు గలవారును అరుదు. శ్రీశైల యాత్రకేగు భక్తులు దాని ప్రక్కనుండియే నడచిపోవచ్చును. ప్రయోజనము లేనిదానికి జీవించు హక్కు కలదా యన్న ప్రశ్న ఇచ్చట నిలిచియున్నది. సకల ప్రాణులయందు దయయే ధర్మమూలమని బోధించిన బసవేశ్వరుని మార్గమున నడచువారు దీనికి సమాధానము వెదకుటకు దూరము పోనక్కర లేదు. దయ ప్రయోజనమును లెక్కించి పుట్టునది కాదు.

దాచుటలో ఎంతటి నిష్ఠ అవసరమో చూపిన సంఘటన యొకటి కలదు. 1941 సెప్టెంబరు మొదలు 1944 జనవరి వరకు జర్మను సేనలు లెనిన్‌గ్రాడు నగరమును ముట్టడించినవి. అచ్చట నికొలాయ్ వావిలోవ్ లోకమంతటనుండి సేకరించిన విత్తనముల భాండాగారముండెను. ఆయన స్వయముగ తన ప్రభుత్వపు చెరసాలలో 1943లో మరణించెను. భాండాగారమున నున్న శాస్త్రజ్ఞులలో పలువురు ఆకలితో ప్రాణములు విడిచిరి. వరి నిపుణుడైన ద్మిత్రీ ఇవానోవ్ వేలకొలది వరి విత్తనపు పొట్లముల నడుమ మరణించెను. వండుకొని తినదగిన గింజలవి. వారు తినలేదు. కృష్ణకాటుకలు వంటి పాత వరి వంగడములను చేజార్చుకొన్న డెల్టా రైతుకు ఈ కథ అర్థము కాకపోదు. అయినను ఒక ధర్మసందేహము మిగులును: ప్రక్క వీథిలో పసిబిడ్డ ఆకలితో ఏడ్చుచుండగా గింజను దాచుట న్యాయమా? పుట్టబోవు బిడ్డల ఆకలికి, ఎదుటనున్న బిడ్డ ఆకలికి తూకమెట్లు వేయవలెను? ఆ శాస్త్రజ్ఞులు తమ ఆకలిని మాత్రమే తూకమున వేసిరని చెప్పి ఊరుకొనుట తేలికైన సమాధానము. నగరమంతయు ఆకలిగొనియున్నదన్న సంగతి దానివలన మాయము కాదు.

తోటలోని మొక్కకు మరియొక ప్రమాదము కలదు. అది మనుష్యుని మాటలో నున్నది. కొండను త్రవ్వదలచినవాడు, అడవిని కొట్టదలచినవాడు, 'ఆ జాతి తోటలో భద్రముగ నున్నది గదా' యనును. తన యింట నిక్షేపము భద్రముగ నున్నదని చెప్పి సొత్తుదారుని యిల్లు తగులబెట్టుటకు అనుమతి యిచ్చినట్లుండును ఈ వాదము. 2020 నాటికి ప్రమాదమున నున్న మొక్కజాతులలో 75 శాతమును తోటలలోనో విత్తన నిధులలోనో చేర్చవలెనని దేశములు నిర్ణయించుకొన్నపుడు, కనీసము 20 శాతము తిరిగి నెలకొల్పు కార్యక్రమములకు సిద్ధముగ నుండవలెనని కూడ వ్రాసుకొనిరి. మొదటి అంకె అందరి నోట వినబడును. రెండవదానిని తలచువారు తక్కువ.

కాయకమువలన లభించినదానిని తనదిగ కూడబెట్టక సమాజమునకు అర్పించుట దాసోహము. తోటలో పెరిగిన మొక్క విషయమున ఆ అర్పణ కొండకు జరుగవలెను. మఠముల ప్రాంగణములందు పూజకై మారేడు, తుమ్మి, గన్నేరు పెంచుట ఆచారముగ నున్నది. ఆ తోటలలో నొక మూల ఆ ప్రాంతపు కొండలలో కరవైన చెట్టునకు చోటిచ్చుట ఏ మఠమునకును భారము కాదు. పెద్ద ఉద్యానములను తుపాను ఒక్కరాత్రిలో నేలగూల్చగలదు. హుగ్లీ తీరపు తోటను 1864, 1867 సంవత్సరముల తుపానులు అట్లు పాడుచేసినవి. చిన్న తోటలు పదిచోట్ల నున్నచో ఆ భయము తగ్గును.

అట్టి తోటలో నాటువారు ఒక పుస్తకము కూడ ఉంచవలసియుండును. తెల్లపొణికి విత్తనమునే తీసికొన్నచో, ఒకే చెట్టు క్రింద ఏరినవి చాలవు. ఒకే తల్లి సంతతి బలహీనపడును గనుక పెక్కు చెట్లనుండి ఏరవలెను. ఏ కొండ, ఏ వాలు, ఏ నెలలో ఏరినవి, ఎన్ని చెట్లనుండి, ఎన్ని మొలచినవి, ఏవి ఎచ్చట నాటబడినవి - ఇంతయు వ్రాసియుంచవలెను. పత్రము లేని నిక్షేపమును వారసులకు అప్పగించుట కష్టము. ముప్పది యేండ్ల తరువాత ఆ పుస్తకమును తెరచువాడు ఆ విత్తనములను ఏ కొండకు మోసికొనిపోవలెనో అందులో చదువుకొనగలడు.