మలివయసు మాతృత్వం: సాఫల్యం ఎవరిది?

2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై యేళ్లు దాటిన ఒక స్త్రీ కవలలకు జన్మనిచ్చిన వార్త దేశవిదేశాల పత్రికలకెక్కింది. వైద్యశాస్త్ర విజయమని కీర్తించినవారు కొందరు. ఆ పసివాళ్లను పెంచేదెవరని ఆగ్రహించినవారు మరికొందరు. ఈ కోలాహలంలో మరుగున పడిన ప్రశ్న ఒకటి ఉంది: ఇక్కడ సాఫల్యమన్న మాటకు అర్థమేమిటి?

శరీరధర్మం ఈ విషయంలో నిర్దాక్షిణ్యమైనది. ఆడశిశువు పుట్టేనాటికి ఆమె అండాశయాలలో పది నుంచి ఇరవై లక్షల అండకణాలుంటాయి. రజస్వల అయ్యేసరికి అవి మూడు నాలుగు లక్షలకు తగ్గుతాయి. సంఖ్యతోపాటు నాణ్యతా క్షీణిస్తుంది. వయసు మళ్లిన అండంలో క్రోమోజోముల పంపకం తరచు తప్పుతుంది కనుక పిండం నిలవదు. నిలిచినా గర్భస్రావమయ్యే ప్రమాదం ఎక్కువ. బ్రిటన్ నియంత్రణ సంస్థ ప్రకటించే లెక్కలలో, సొంత అండాలతో జరిగే ఐ.వి.ఎఫ్. చికిత్సలో ప్రవేశపెట్టిన పిండం శిశువై పుట్టే అవకాశం 35 యేళ్లలోపు స్త్రీలకు దాదాపు మూడో వంతు. 43, 44 యేళ్లవారికి నూటికి అయిదు ప్రాంతం. అయితే గర్భాశయం అండాశయమంత త్వరగా ముసలిది కాదు. యువతి దానం చేసిన అండంతో ఏర్పడిన పిండాన్ని, హార్మోన్లతో సిద్ధపరచిన గర్భాశయం ముట్లుడిగిన తరువాత కూడా స్వీకరించగలదు. గుంటూరు సంఘటనలోని రహస్యమింతే.

అంటే ఆ గెలుపులో సగం పేరు తెలియని మరొక స్త్రీది. సహాయక పునరుత్పత్తిని నియంత్రిస్తూ 2021లో వచ్చిన చట్టం దాత వయసు 23, 35 యేళ్ల మధ్య ఉండాలనీ, జీవితంలో ఒక్కసారే దానం చేయాలనీ, ఏడు అండాలకు మించి తీయరాదనీ నిర్దేశించింది. సూదిమందులనూ మత్తునూ భరించిన ఆ దేహాన్ని విజయగాథలో ఎవరూ స్మరించరు. మలివయసు తల్లి ఛాయాచిత్రం చూపి అండం ఎవరిదో చెప్పని ప్రకటన ఒక్క అబద్ధమూ ఆడదు. అయినా చూసినవారికి భ్రమ కలిగిస్తుంది. సాఫల్యావకాశాలను దంపతులకు వివరించాలని అదే చట్టం చికిత్సాకేంద్రాలను ఆదేశించింది. అది అవసరమే గాని చాలదు. నూటికి అయిదు అన్న మాట, ఆశపడ్డ చెవికి, ఆ అయిదుగురిలో నేనెందుకు కాకూడదని వినిపిస్తుంది. పొలం అమ్మి మూడోమారు చికిత్సకు సిద్ధపడే దంపతులకు ఇక చాలునని చెప్పగల వైద్యుని నిజాయితీని ఏ చట్టమూ రాసి ఇవ్వలేదు.

ఆ ఆశకు మూలం కోరిక ఒక్కటే కాదు. గొడ్రాలు అన్న మాట తెలుగులో ఉంది. దానికి సాటిగా పురుషునికి అంటగట్టే మాట వాడుకలో లేదు. సంతానలేమికి కారణం పురుషునిలో ఉండే సందర్భాలు తక్కువేమీ కావు. అయినా సీమంతపు పేరంటంలో ముఖం చాటువేసుకునేది ఆమెయే. యాభయ్యో యేట సమ్మతిపత్రం మీద ఆమె చేసే సంతకంలో స్వేచ్ఛ ఎంత, ఆ మాట నుంచి తప్పించుకునే ఆరాటమెంత?

చట్టం ఈ చికిత్సకు స్త్రీకి 50, పురుషునికి 55 యేళ్ల పరిమితి పెట్టింది. వయసు పెరిగేకొద్దీ గర్భిణికి రక్తపోటు, మధుమేహం వంటి ముప్పులు పెరుగుతాయి కనుక స్త్రీ విషయంలో ఈ జాగ్రత్తను సమర్థించవచ్చు. బిడ్డను పెంచే కాలమే కారణమైతే మాత్రం వాదం బలహీనం. షష్టిసహస్ర వర్షాల దశరథుడు పుత్రకామేష్టి చేస్తే, పెంచేదెవరని అడిగిన ఋషి లేడు. సహజంగా తండ్రి అయ్యే వృద్ధుణ్ణి నేటికీ ఎవరూ అడగరు. మనుమలను పెంచి పెద్దచేసిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఏ పల్లెలోనైనా కనిపిస్తారు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు, సరోగసీ చట్టం అమలులోకి రాకముందే పిండాలను భద్రపరచుకున్న దంపతులకు ఆ చట్టంలోని వయోపరిమితి వర్తించదని తీర్పు చెప్పింది. ఆ చట్టం అమలైన 2022 జనవరి 25 తరువాత ఈ ప్రయత్నం ఆరంభించినవారికి ఆ తీర్పు వల్ల ఊరట లేదు.