దైవం ఐదోది

ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లోని తెలుగు రైల్వే కుటుంబాలకు సెప్టెంబరు 17 మామూలు రోజు కాదు. ఆ రోజు విశ్వకర్మ పూజ. వర్క్‌షాపులో లేతు మెషీన్లకు బొట్లు పెడతారు, పూలదండలు వేస్తారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చిన వాళ్ల మనవలు దసరాకి ఇంటి ముందు మోటారు సైకిలునూ కడిగి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తారు. గుమ్మడికాయతో దిష్టి తీస్తారు.

యంత్రాన్ని ఇంత భక్తితో చూసే ఊళ్లో అడగదగ్గ ప్రశ్న ఒకటుంది. దేవుడికి దణ్ణం పెట్టుకుని, తెలిసి తెలిసి ప్రాణాపాయంలోకి బండి నడపడం ధర్మమేనా? రైలు నడిపేవాడికి అది ఉద్యోగం. కారు పందేలవాడికి ఏం అవసరం?

అలాంటి పందెం ఎలా ఉంటుందో ముందు చూద్దాం. అమెరికాలో మిడ్జెట్, స్ప్రింట్ అనే చిన్న కార్లు మట్టి ట్రాకుల మీద గుండ్రంగా పరుగెడతాయి. స్ప్రింట్ కారుకు స్టార్టరు ఉండదు, క్లచ్ ఉండదు. వెనక నుంచి ఇంకో బండి తోస్తేనే ఇంజను అందుకుంటుంది. ముందు కారు చిమ్మే మట్టితో చూపు మూసుకుపోతుంటే డ్రైవరు హెల్మెట్ అద్దం మీది పల్చటి పొరను ఒక్కొక్కటే లాగి పారేస్తూ నడుపుతాడు. ఈ పందేల్లో బతుకంతా గడిపి, తమ రాష్ట్రం దాటితే పేరు తెలియని డ్రైవర్లు ఎందరో.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం (పనికి ఆధారం), కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. వరుస గమనించాలి. మన ఇళ్లలో ప్రమాదం జరగగానే నోటికొచ్చే మాట తలరాత. అంటే మొదటి నాలుగూ వదిలేసి నేరుగా ఐదోదాని దగ్గరికి పోతాం. దిష్టి తీశాం కదా అని బ్రేకులు చూసుకోకుండా బండెక్కేవాడిది భక్తి కాదు, బద్ధకం. గూడ్సు బండికి బ్రేక్ పవర్ సర్టిఫికెట్ లేనిదే యార్డు నుంచి కదలనివ్వని రైల్వేవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ మొదటి నాలుగింటి మీద జీవితం పెట్టిన మనిషి కోయంబత్తూరు కరివర్ధన్. అక్కడ స్థిరపడిన తెలుగు నాయుడు మిల్లు యజమానుల కుటుంబాల్లో ఒకదానికి చెందినవాడు. మద్రాసు దగ్గర షోలవరంలో పాత విమాన రన్‌వే మీద పందేలు నడిపాడు. మన దేశంలో పందేల కారంటే సంపన్నులకే దక్కే రోజుల్లో, 1980ల చివర మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి కారు తయారుచేయించి కుర్రాళ్లకు అందుబాటులోకి తెచ్చాడు. ఆ కార్లలోనే తొలి అడుగులు వేసిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడిన మొదటి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ మాత్రం అది చూడలేదు. 1995లో చనిపోయాడు, అదీ పందెంలో కాదు, విమాన ప్రమాదంలో. ఐదో కారణం ఎటు నుంచి వస్తుందో లెక్క కట్టలేమనడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా ఆయన కట్టిన కార్లు వృథా పోలేదు.

ఇక అవసరం లేని ప్రమాదం సంగతి. సృష్టినే భగవంతుడి లీల అన్న సంప్రదాయం మనది. ఆట కాబట్టి తక్కువ అనడానికి వీల్లేదు. కానీ ఆటలోని ప్రమాదం ఆడేవాడిదే కావాలి. 1955లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ పందెంలో కారు ముక్కలు జనంలోకి దూసుకొచ్చి 80 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత స్విట్జర్లాండ్ సర్క్యూట్ పందేలనే నిషేధించింది. రాత్రిపూట ఊరి రోడ్డు మీద బైకులతో పందెం వేసుకునే కుర్రాళ్లది కూడా ఆటలో లేనివాళ్లను ప్రమాదంలోకి లాగే తప్పే. ఎదురొచ్చే మనిషి ఆ పందేనికి ఒప్పుకోలేదు. నిజమైన డ్రైవరుకూ వీళ్లకూ తేడా ధైర్యంలో లేదు, ఎవరి ప్రాణం ఒడ్డుతున్నారన్న దాంట్లో ఉంది.

బ్రయన్ క్లాసన్ కథ ఇక్కడే చెప్పాలి. మిడ్జెట్, స్ప్రింట్ కార్లలో అమెరికాలో మేటి. 2016 మే నెలలో ఇండియానాపోలిస్ 500 అనే పెద్ద కారు పందెంలో కాసేపు అందరికంటే ముందు నడిచి, అదే రాత్రి కొకొమోలో మట్టి ట్రాకు మీద స్ప్రింట్ పందెం గెలిచాడు. ఆ ఏడాది 200 పందేలు పూర్తి చేయాలన్నది అతని పట్టుదల. ఆగస్టులో కాన్సస్‌లోని బెల్‌విల్‌లో మిడ్జెట్ పందెం నడుపుతూ ప్రమాదానికి గురయ్యాడు. మర్నాడు ప్రాణం పోయింది. వయసు 27.

కావాలనే చచ్చాడని కొందరనవచ్చు, రాసిపెట్టి ఉందని కొందరనవచ్చు. రెండూ అన్యాయమే. బతికుండగానే అతను అవయవదాతగా పేరు నమోదు చేసుకున్నాడు. తనకేదైనా జరగవచ్చని ఎరిగిన కర్త తన వంతుగా చేసిన పని అది. ఆ సంతకం వల్ల ఐదుగురికి ప్రాణం నిలబడింది. ఇండియానాలో రేసు మైదానాల దగ్గర అతని పేరు మీద అభిమానుల చేత అవయవదానానికి నమోదు చేయించే ప్రచారం నడిచింది.