మొదలు చెడ్డ బేరం

తనకు మాలిన ధర్మమూ, మొదలు చెడ్డ బేరమూ పనికిరావంటారు పెద్దలు. చిన్నతనంలో ఈ సామెత వింటే నాకు కొట్టు గుమాస్తా మాటలా తోచేది. మొదలంటే పెట్టుబడి కదా. పెట్టుబడి మునిగిపోయే బేరం ఎలాంటిదో, తనకు లేకుండా చేసే దానమూ అలాంటిదేనని దాని తాత్పర్యం. పురాణాలు చూడబోతే ఇందుకు ఎదురు చెబుతాయి. శిబి చక్రవర్తి తన ఒంటి మాంసం కోసి తూచి ఇచ్చాడు. కర్ణుడు పుట్టుకతో వచ్చిన కవచాన్ని ఒలిచి ఇచ్చాడు. రంతిదేవుడు 48 రోజులు పస్తుండి, చివరికి దొరికిన అన్నమూ, మంచినీళ్ళూ కూడా వచ్చిన వాళ్ళకి ఇచ్చేశాడు. మరి సామెతని నమ్మాలా, పురాణాన్ని నమ్మాలా? మగవాళ్ళ సంగతి ఏమోగానీ, పొద్దున కాఫీ దగ్గర్నుంచి రాత్రి పక్కల దాకా ఇస్తూనే ఉండే మన ఆడవాళ్ళకి మాత్రం ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్నే.

ఈ చిక్కుముడిని నా ముందు మళ్ళీ పడేసింది ఏ పౌరాణికులో కాదు, ఒక కంప్యూటరు. నవ్వకండి, చెబుతాను.

మా ఆడపడుచు కూతురు ఒక కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకుంటుంది. నలభై కంప్యూటర్లున్నాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ఇళ్ళకి డోరు నెంబర్లున్నట్టు ప్రతిదానికీ ఒక నెంబరుండాలట. ఆ నెంబర్లు పంచే పని ఒక పెద్ద కంప్యూటరుది. దానిలో నడిచే ఏర్పాటుని డీహెచ్‌సీపీ సర్వరంటారు. పేరు చూసి బెదిరిపోకండి. పెళ్ళివారి విడిదిలో గదులు పంచే మేనమామ ఉంటాడు చూశారూ, అచ్చంగా ఆయనే. కొత్తగా వచ్చిన కంప్యూటరు, "ఇక్కడెవరైనా ఉన్నారా, నాకో చోటు చూపిస్తారా?" అని అందరికీ వినబడేలా కేకేస్తుంది. "ఇదిగో, ఈ నెంబరు ఖాళీ" అంటుంది సర్వరు. "అయితే అదే ఇప్పించండి" అంటుందది. "తీసుకో, ఇన్ని గంటలపాటు నీది" అంటుందిది. నాలుగే నాలుగు మాటలు. ఈ మర్యాదలన్నీ మొదట 1993లో కాగితం మీద పెట్టి, 1997లో సరిదిద్దినాయన అమెరికాలోని బక్‌నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాల్ఫ్ డ్రామ్స్. ఇవాళ మన ఇళ్ళలో గోడకి తగిలించుకున్న ఇంటర్నెట్ పెట్టె కూడా మన ఫోన్లకి చేసే ఉపకారం ఇదే.

ఇంతకీ ఆ కాలేజీలో వచ్చిన ముప్పేమిటంటే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఈ సర్వరు లేవడం లేదు. పెద్ద కంప్యూటరు లేస్తుంది, దీపాలు వెలుగుతాయి, నెంబర్లు పంచే మేనమామ మాత్రం కనబడడు. పిల్లలంతా తెరల ముందు గుడ్లప్పగించి కూర్చుంటారు. మా అమ్మాయి వెళ్ళి చేత్తో ఓ మాట టైపు చేసి లేపితే, ఏమీ ఎరగనట్టు చక్కగా పనిచేస్తుంది! "బద్ధకం పట్టిందమ్మా దీనికి. తీసి పారేయండి" అన్నారట పెద్దలు.

మా అమ్మాయి అలా అనలేదు. వరసగా నాలుగు ప్రశ్నలు వేసుకుంది. మొదటిది, అసలు కరెంటు రాగానే నువ్వూ లేవాలని దానికి ఎవరైనా చెప్పారా? చెప్పారు. రెండోది, దాని నియమాల చిట్టాలో ఎక్కడైనా అక్షరం తప్పుందా? పరీక్షించి చూస్తే తప్పేమీ లేదు. మూడోది, పడిపోయేముందు అదేమైనా చెప్పిందా? ఇక్కడ దొరికింది దొంగ. ఈ యంత్రాలు తమ కష్టసుఖాలు ఒక దినచర్య పుస్తకంలో రాసి పెడతాయట. అందులో ఉంది, "నాకే చిరునామా లేదు, ఏ దారిలోనూ వినడానికి నాకు ఏర్పాటు లేదు" అని. ఆ మాట రాసి తప్పుకుంది.

"చూశావా అత్తయ్యా, అందరికీ చిరునామాలిచ్చేదానికి ముందు తన చిరునామా తనకుండాలి. అదింకా చేతికి రాకుండానే దీన్ని లేపేస్తున్నారు" అంది అమ్మాయి.

"ఎందుకు రాలేదే?" అన్నాను.

అదే నాలుగో ప్రశ్న. ఎవరి తరువాత ఎవరు లేవాలి? కరెంటు రాగానే గదిలో తీగలన్నీ కలిసే పెట్టె ఒకటి కూడా లేవాలి. అది నిదానస్థురాలు. దానితో తీగ కలిసిందని తెలిస్తేగానీ కంప్యూటరు తన చిరునామా పెట్టుకోదు. ఈలోగా లోపల అందరినీ నిద్రలేపే పెత్తనం సిస్టమ్‌డీ అనే ఏర్పాటుది. 2010లో పుట్టిన ఈ పెత్తందారు, వేళ కలిసి రావాలని చాలామందిని ఒక్కసారే లేపేస్తాడు. ఫలానా వాళ్ళ తరువాతే ఫలానా వాళ్ళు అని మనం చెబితే వింటాడు, చెప్పకపోతే ఆగడు. పైగా అతని భాషలో 'నెట్‌వర్కు పని మొదలైంది' అనే గుర్తు వేరు, 'నెట్‌వర్కు సిద్ధమైంది' అనే గుర్తు వేరు. పొయ్యి వెలిగించడం వేరు, పాలు కాగడం వేరు కదండీ. పొయ్యి వెలిగిందని విని గ్లాసులు పట్టుకు నిలబడితే ఎవరికి కాఫీ వస్తుంది?

ముప్ఫై సెకన్లు ఆగి లేవమని చెబితే సరిపోతుందన్నారట ఒకరు. అది అంచనాయే తప్ప వైద్యం కాదు, ఆ పెట్టె నలభై సెకన్లు తీసుకున్న రోజున మళ్ళీ మొదటికే వస్తుంది. అమ్మాయి రెండే మాటలు రాసింది. నెట్‌వర్కు నిజంగా సిద్ధమయ్యాకే లేవాలి అనీ, ఒకవేళ పడిపోతే కాసేపాగి మళ్ళీ ప్రయత్నించాలి అనీ. ఆ తరువాత కరెంటు ఎన్నిసార్లు పోయినా బెంగ లేదు. ఆ పాత సర్వరుని తయారుచేసిన సంస్థ 2022లో దాని పోషణ మానేసి, కీయా అనే కొత్తదాన్ని చూపిస్తోంది. చోటు దొరక్కపోతే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించే నేర్పు దానికి మనం చెప్పి పెట్టవచ్చట.

యంత్రం బాగైంది, నా ఆలోచన మాత్రం అక్కడ ఆగలేదు. ఆ రోజుల్లోనే మా వీధిలో ఒక పెద్దావిడ నా దగ్గరకి వచ్చారు. బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయిన మనిషి. ఉన్నది రెండు గదుల ఇల్లు. అది అమ్మి కొడుక్కిస్తే వాడు ఊళ్ళో ఫ్లాటు కొనుక్కుంటాడు. కొడుకు చెడ్డవాడేమీ కాదు. "వాడికి అక్కర వచ్చినప్పుడు నాదీ అని పట్టుకు కూర్చుంటే స్వార్థం కాదా అమ్మా? రేపు వాళ్ళింట్లో ఓ మూల ఇవ్వకపోతారా?" అన్నారు.

స్వార్థమేనా? ఇక్కడ నాకు ఆ సర్వరు చెప్పిన జవాబు బాగా నచ్చింది. దాని చిరునామా దాని సుఖం కోసం ఉన్నది కాదు. అది ఇచ్చే నెంబర్లు శాశ్వతం కావు, గడువుకిస్తుంది. గడువులో సగం గడవగానే తీసుకున్న కంప్యూటరు, "ఇంకొన్నాళ్ళు ఉంచుకోనా?" అని నేరుగా ఇచ్చినవారి చిరునామాకే కబురు పెడుతుంది. ఇచ్చినవారికే చోటు లేకపోతే ఆ కబురు ఎక్కడికి పోవాలి? తనకంటూ ఒక నిలకడైన చోటుండడం కూడా ఆ దానంలో భాగమేనన్నమాట. పండక్కి పిల్లలు 'అమ్మ దగ్గరికి వెళ్దాం' అంటారు. అమ్మకంటూ ఒక గుమ్మం ఉంటేనే కదా ఆ మాటకి అర్థం!

మరి శిబి మాటేమిటి, రంతిదేవుడి మాటేమిటి అంటారేమో. వాళ్ళు ఇచ్చింది తమ దగ్గర ఉన్నదాన్నే. ఇస్తే ఏం మిగులుతుందో తెలిసి, ఎవరూ తొందరపెట్టకుండా, నిండు మనసుతో ఇచ్చారు. ఇచ్చాక ఎవరినీ దెప్పలేదు. అది ఎప్పుడో ఒకసారి, ఒక మహానుభావుడు చేసే త్యాగం. రోజూ నలభైమందికి పంచాల్సిన వాళ్ళ ధర్మం అది కాదు. వాళ్ళు కూలిపోతే ఆ నలభైమందీ కూలుతారు. మనలో చాలామందిమి చేసేది ఇంకా చిత్రం. చేతిలో ఏమీ లేకుండానే నవ్వు మొహంతో ఇస్తాం, తరువాత పదేళ్ళపాటు సాధిస్తాం. ఆ యంత్రానికి ఈ విద్య తెలియదు. లేనిది లేదని ఒక్క మాట రాసి తప్పుకుంది. ఆ మాట చదివే ఓపిక లేనివాళ్ళు దాన్ని బద్ధకమన్నారు.

ఇచ్చేవారు లేకపోతే ఏమవుతుందో కూడా అమ్మాయి చెప్పింది. చాలా కంప్యూటర్లు చూసి చూసి, 169.254తో మొదలయ్యే నెంబరొకటి తమకి తామే పెట్టేసుకుంటాయట. ఆ గదిలో వాటితో అవి మాట్లాడుకోగలవు, గడప దాటి లోకంలోకి మాత్రం పోలేవు. ఇంట్లో పెద్దదిక్కు మంచం పట్టిన వారంలో ఎవరి అన్నం వాళ్ళు ఏ వేళకో తినేసి, ఎవరి లోకంలో వాళ్ళుండడం మనకి తెలియనిదా?

పెద్దావిడతో ఇల్లు అమ్మవద్దని అన్నాను. కొడుక్కి చేతనైనంత డబ్బు సాయం చెయ్యమన్నాను. తరువాత ఎప్పుడైనా ఇల్లు రాసివ్వాలనిపిస్తే, నన్ను చూసుకోవాలన్న షరతు కాగితం మీదే రాయించుకోమన్నాను. అలా రాసి ఇచ్చాక మాట తప్పితే ఆ దానపత్రం రద్దు చేయమని అడిగే వీలు 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టంలో ఉంది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "వాడేమనుకుంటాడో" అన్నారు ఆఖరికి. ఆవిడ ఏం చేస్తారో నాకు తెలియదు. ఆ నిర్ణయం ఆవిడది.

నాకు మాత్రం ఒకటి తేలింది. మనిషి వేళకి లేవలేదని, పని అందుకోలేదని తిట్టేముందు, వాళ్ళ కాళ్ళ కింద నేల సిద్ధమైందో లేదో చూడాలి. కోడల్ని వచ్చిన మర్నాడే పదిమందికి వడ్డించమనేముందు ఆ ఇంట్లో ఆమెకో చోటు చూపించాలి. ఇక మొదలంటే పెట్టుబడి అనే కాదు, ఆరంభమని కూడా అర్థముంది కదూ. ఆరంభంలో తన చోటు తనకుంటే, ఆ తరువాత ఎంతమందికి పంచినా ఆ బేరం చెడదు. మీరేమంటారు?